కొండ మీద టిఫిన్ డబ్బా

ఢామ్!

కొండంతా మోగింది. పై చెట్లలోంచి పిట్టలు గుంపుగా లేచాయి.

"సార్! కాల్చకండి సార్!"

గట్టిగానే అరిచాననుకుంది హెడ్ కానిస్టేబుల్ లీలారాణి. గొంతులోంచి వచ్చింది మాత్రం సగం మాట, సగం గాలి. గంటన్నరగా కొండెక్కుతున్న యాభై మూడేళ్ళ ఊపిరి అంతకంటే ఏం అరుస్తుంది!

ఎస్సై గిరిబాబు రివాల్వర్ దించలేదు. పైన బండల మధ్య ఒక ఆకారం... ఒంగి, చేతులు కూడా నేలకి ఆనించి పాకుతున్న ఆకారం... ఒక్క క్షణం కనపడి మాయమైపోయింది. మగో ఆడో కూడా తెలియలేదు. పొద్దు కుంకిపోయింది. ఉన్న వెలుతురు ఇంకో పావుగంట నిలిస్తే గొప్పే.

"తప్పింది!" పళ్ళు కొరికాడు గిరిబాబు. "చూశారా హెడ్డుగారూ? జోగయ్యగాడికి పార్ట్‌నర్ ఉన్నాడని నే చెప్పానా లేదా! డబ్బా కోసమే పోతన్నాడు. పదండి, ఫాస్ట్!"

ఫాస్ట్!

లీలారాణి రెండు మోకాళ్ళూ పట్టుకుని నిలబడింది. కుడి మోకాలికి పట్టీ ఉంది. ఎడమదానికి అదీ లేదు. రిటైర్మెంటు వయసు పెంచిన రోజు స్టేషన్లో స్వీట్లు పంచారు. ఈ మోకాళ్ళని మాత్రం ఎవరూ ఒక మాట అడగలేదు.

"మీరు ముందెల్లండి సార్. నేను నిమ్మదిగా వస్తన్నాను."

"డబ్బా ఎక్కడుందో మీ ఫోన్‌లోనే కదా ఉన్నాది! కలిసే పోదాం. నడండి."

అదీ నిజమే. నడవక తప్పదు.

ఫోన్ తీసి చూసింది. సిగ్నల్ లేదు. అయినా మ్యాప్ మీద నీలం చుక్క కదులుతూనే ఉంది. ఎర్ర చుక్క కొండ కొమ్మున ఉంది. మధ్యలో ఆరు వందల మీటర్లు. ఫోన్‌లో చూస్తే బెత్తెడు దూరం!

ఆ ఎర్ర చుక్క దగ్గర ఒక టిఫిన్ డబ్బా ఉంది. అందులో ఒక నోటు పుస్తకం ఉంది. రేపు పొద్దున్న పదింటికి కోర్టు. అప్పటికల్లా ఆ పుస్తకం చేతిలో లేకపోతే... జోగయ్య జైలుకి పోతాడు.

తొమ్మిది రోజుల కిందట ఈ కొమ్మలమ్మ కొండ కింద లోయలో గోపి శవం దొరికింది. ఇరవై ఏడేళ్ళ కుర్రాడు. ఆమదాలవలసలో మందుల కంపెనీ రిప్రజెంటేటివ్. తల వెనక రాతి దెబ్బ. జేబులో ఫోన్ లేదు. మర్నాడే తుఫాను పట్టుకుంది. మూడు రోజులు కుండపోత. కొండ మీద ఏ గుర్తులు మిగిలినా అన్నీ కడిగేసింది.

నిన్న ఆ ఫోన్ దొరికింది. మేకలు కాసుకునే జోగయ్య పాకలో. గిరిబాబే వెళ్ళాడు, గిరిబాబే వెతికాడు, గిరిబాబే తెచ్చాడు. జోగయ్యే ఫోన్ కోసం తోసేశాడు, కేసు క్లోజ్ అన్నాడు. అరెస్టు ఇవాళ్టి తేదీతో రాసుకున్నాడు.

బేడీలు వేసింది మాత్రం లీలారాణి.

బేడీలు వేస్తుంటే జోగయ్య కొట్టకండి అనలేదు, ఒగ్గేయండి అనలేదు. "లీలమ్మా, మేకలకి నీల్లెవులు పెడతారు?" అని అడిగాడు. రాత్రంతా ఆ మాటే చెవిలో. ముప్పై ఒక్క ఏళ్ళుగా జైలు గుమ్మం దాకా ఎందరినో దింపి వచ్చింది. పూచీ ఇచ్చే దిక్కు లేనివాడు ఒకసారి లోపలికెళితే ఎన్నాళ్ళకి బయటికొస్తాడో ఆమెకి తెలిసినట్టు ఎవరికి తెలుసు?

డబ్బా సంగతి చెప్పింది గోపి అక్క శైలజ.

"దాన్ని జియోకాష్ అంటారండి," అంది స్టేట్‌మెంట్ ఇస్తూ. "ఎవరో ఒకరు ఎక్కడో డబ్బా దాస్తారు. చోటు ఇంటర్నెట్‌లో పెడతారు. మిగతావాళ్ళు వెతుక్కుంటూ వెళ్ళి, దొరికాక అందులో పుస్తకంలో పేరు, తేదీ, టైము రాస్తారు. అదే ఆట. మావాడికి పిచ్చి. పేజీ నిండా రాసేస్తాడు... ఎవరు కలిశారు, ఏం మాట్లాడారు, ఏం తిన్నాడు... అన్నీ!"

డబ్బులిచ్చినా మెట్లెక్కని ఈ రోజుల్లో ఊరికే కొండలెక్కే పిచ్చి కూడా ఉంటుందా అని లీలారాణి అప్పుడు నవ్వుకుంది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి నవ్వు పోయింది.

లాకప్ ఊచల వెనకనుంచి జోగయ్య చెప్పాడు. "ఆ బాబు రాతి సందులోంచి డబ్బా తీసి పొత్తకంలో ఏటో రాసుకుంతా కూసున్నాడమ్మా. నాను దూరంకెలి సూసినాను. ఇంతలో ఎవలో పైకొస్తన్నట్టు అడుగులినిపించినాయి. మేకలు దిగిపోతంటే నానూ దిగిపోనాను... ఎవలో సూడనేదమ్మా!"

వెనక్కి తిరిగితే గుమ్మంలో గిరిబాబు నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో!

"నేనూ వస్తా," అన్నాడు. "మాది కొత్తవలస. ఇటొచ్చి ఏడు నెలలైనా ఈ కొండ ఒక్కసారీ ఎక్కలేదు. చూసినట్టూ ఉంటాది."

ఇదుగో, అలా ఇద్దరూ బయల్దేరారు. ఇప్పుడు ముందు ఇంకెవరో ఉన్నారు.

"హెడ్డుగారూ! ఆగిపోయారేంటి?"

"వస్తన్నాను సార్... వస్తన్నాను."

మలుపు తిరగ్గానే దిబ్బ వచ్చింది.

కొమ్మల దిబ్బ. నడుమెత్తు రాళ్ళ గుట్ట, దాని మీద ఎండినవీ పచ్చివీ కొమ్మలు. కొండెక్కే ప్రతివాళ్ళూ ఇక్కడ కొండదేవత కొమ్మలమ్మకి మొక్కు చెల్లించుకోవాలి. మొదటిసారి ఎక్కేవాళ్ళు రాయి పెట్టాలి. జీవితంలో ఒక్కసారే. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కినా రాయి ముట్టకూడదు. పచ్చి కొమ్మ విరిచి వెయ్యాలి. రెండో రాయి పెట్టినవాడి మీద కొండ దిగేలోగా ఆ రాయే పడుతుందని ఇక్కడివాళ్ళ భయం. దొంగలైనా, తాగుబోతులైనా ఇది తప్పరు.

లీలారాణి తండ్రి బాప్టిస్టు చర్చిలో వాక్యం చెప్పేవాడు. అయినా ఎనిమిదో ఏట ఆమె చేత ఇక్కడ రాయి పెట్టించింది నాయనమ్మ. "మీ అయ్యకి సెప్పకే!" అని నెత్తిన ఒక మొట్టికాయ కూడా. ఆ రాయి ఇప్పటికీ అడుగున ఎక్కడో ఉండే ఉంటుంది.

ఫోన్ లైటు వేసి చూసింది. దిబ్బ మీద కొత్త కొమ్మ. విరిచిన చోట ఇంకా తడి ఆరలేదు.

"సార్, పైనున్నది ఇక్కడి మనిషే. ఇంతకుముందు ఎక్కిన మనిషే."

"ఎవడైతే మనకేంటి! దొరికితే చాలు." గిరిబాబు కళ్ళు పైన బండల మీదే ఉన్నాయి. కుడి చేతిలో రివాల్వర్. ఎడమ చెయ్యి పక్క పొద మీదికి పోయింది... పుటుక్కున ఒక కొమ్మ విరిచింది... దిబ్బ మీదికి విసిరింది. మనిషి ఆగలేదు, తల తిప్పలేదు. దాటి పోయాడు.

లీలారాణి ఏమీ వెయ్యలేదు. ప్రభువా, నా మోకాళ్ళు కాపాడు అనుకుని నడిచింది.

పది అడుగులు... ఇరవై...

మనసులో ఏదో గుచ్చుకుంటోంది. ఏంటది? అలిసిపోయిన బుర్ర, తొందరగా అందదు. ముప్పై అడుగులు...

ఆగిపోయింది.

కొమ్మ!

ఒక్కసారీ ఎక్కలేదన్నాడు కదా? తెలిసినవాడైతే మొదటిసారి రాయి పెట్టాలి. తెలియనివాడైతే ఏమీ పెట్టకుండా పోవాలి. ఈయన కొమ్మేశాడు... చూడకుండా, ఆలోచించకుండా... రోజూ గుమ్మం దగ్గర చెప్పులు విడిచేవాడిలా!

ఒళ్ళంతా చెమట. అది చల్లబడింది.

లేదు, లేదు. ముందున్న కొమ్మ చూసి వేశాడేమో. తన పై అధికారిని అనుమానించడానికి కూడా ఓపిక కావాలి. అంత ఓపిక ఆమె దగ్గర లేదు. అలాగే అయితే బాగుండునని మనస్ఫూర్తిగా కోరుకుంది.

ముందు దారి రెండుగా చీలింది. మ్యాప్‌లో దారులుండవు, చుక్కలే ఉంటాయి.

"సార్... ఎటు?"

"ఎడమకి," అన్నాడు గిరిబాబు వెనక్కి చూడకుండా. "కుడివైపు పోతే లోయ."

అయిపోయింది.

చీకటి పడుతున్న కొండ. సిగ్నల్ లేని ఫోన్. ముందు నడుస్తున్నవాడి చేతిలో రివాల్వర్, తన చేతిలో లాఠీ కూడా లేదు. వెనక్కి పరిగెత్తుదామా? ఈ కాళ్ళతో! నాలుగంగల్లో పట్టుకుంటాడు. పైగా పైన ఎవరో ఉన్నారు... ఎవరో అమాయకులు. తను దిగిపోతే వాళ్ళ గతి?

నడిచింది. ఏమీ తెలియనట్టే నడిచింది.

కొమ్ముకి ముందు రాతి పలక అడ్డమొచ్చింది. మనిషెత్తు, నున్నగా ఉంది. పైనుంచి ఒక వేరు వేలాడుతోంది. అది పట్టుకుని, బండకి పొట్ట ఆనించి పాకాలి.

"ముందు మీరెక్కండి," అన్నాడు గిరిబాబు. ఒంగి భుజం ఇచ్చాడు.

ముప్పై ఒక్క ఏళ్ళ సర్వీసులో మొదటిసారి... ఎస్సై భుజం మీద హెడ్ కానిస్టేబుల్ పాదం! ఇంకో రోజైతే స్టేషన్లో వారం చెప్పుకుని నవ్వేది. మోచేతులు గీరుకుపోయాయి. ఎలాగో పైకి పడింది.

కింద గిరిబాబు రివాల్వర్ నడుంలో దోపుకున్నాడు. వేరు పట్టుకున్నాడు.

లీలారాణి మెదడులో మెరిసింది.

"సార్! ఆగండి! గుల్లున్న రివాల్వర్ నడుంలో దోపుకుని బోర్లా పాకుతారేటి? బండకి తగిలి పేలిందంటే ఏటవుద్దో సెప్పమంటారా?"

గిరిబాబు ఆగాడు. కిందికి, తన నడుం కింది భాగం వైపు చూసుకున్నాడు.

"ఇలాగందించండి. ఎక్కినాక ఇస్తాను."

ఒక్క క్షణం... రెండు క్షణాలు...

అందించాడు!

స్టేషన్లో ఆయుధాలన్నీ లీలారాణి చేతి మీదుగానే పోతాయి, వస్తాయి. ఈ రివాల్వర్ సంగతి ఆమెకి తన వంటింటి స్టవ్ సంగతంత తెలుసు. పక్కకి తిరిగింది. కొంగు లేదు, యూనిఫాం. వీపే అడ్డం. గుళ్ళుండే ఆరు గదుల చక్రాన్ని పక్కకి తెరిచింది. గొట్టం పైకెత్తింది.

ఒకటి... రెండు... మూడు... నాలుగు. నాలుగు గుళ్ళు అరచేతిలోకి జారాయి. ఇందాక పేలినదాని ఖాళీ తొడుగు లోపలే ఉండిపోయింది. ఉంటే ఉండనీ.

ఆరోది?

రాలేదు!

ఆ గదిలో తుప్పు. గుండు దూరిందంటే పుల్లతో పొడిస్తే తప్ప రాదు. మార్చండి అని మూడేళ్ళుగా రిపోర్టు రాస్తోంది. మూడేళ్ళుగా పైవాళ్ళు చూస్తామంటున్నారు. గోరుతో లాగింది. గోరు విరిగింది కానీ గుండు కదల్లేదు.

"ఇవ్వండి!"

గిరిబాబు మోచెయ్యి బండ అంచు మీద పడింది.

చక్రం మూసేసింది. నాలుగు గుళ్ళూ ప్యాంటు జేబులో పడ్డాయి. రివాల్వర్ అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని చూసుకోకుండానే పైకి లేచాడు.

ఆరు గదులు. లోపల ఒకే ఒక్క గుండు. ఆ గది ఎన్నో నొక్కుకి గొట్టం ముందుకొస్తుందో తనకీ తెలియదు!

నాలుగడుగులు వేశారో లేదో, గుప్పుమంది వాసన.

ఎడమ పక్క రెండు బండల మధ్య గుహలాంటి సందు. అందులోంచి వస్తోంది. ఘాటుగా, పచ్చిగా. పాతపట్నం దగ్గర చెక్‌పోస్టులో ఆరేళ్ళు చేసిన ముక్కు అది, పొరపాటు పడదు. గంజాయి. ఒకటీ రెండూ కాదు, బస్తాలే.

గిరిబాబు ఆ సందు వైపు చూడనైనా లేదు. నడక మాత్రం పెంచాడు.

పాపం గోపి. ఫోన్‌లో చుక్క పది మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. డబ్బా కోసం ముందు ఈ సందులోకి దూరి ఉంటాడు. చూడకూడనిది చూసి ఉంటాడు.

ఆట ఆడుకోవడానికొచ్చిన పిల్లాడు! లీలారాణికి దుఃఖం వచ్చింది. కోపం కూడా రావలసింది, కానీ అంత సత్తువ మిగల్లేదు.

కొండ కొమ్ము.

పూర్తిగా చీకటి. దూరంగా కింద ఊళ్ళ దీపాలు. గాలి ఒకటే ఈల వేస్తోంది.

"కదలకు!" గిరిబాబు టార్చి వేశాడు. "చేతులెత్తు!"

వెలుగులో ఒక ఆడమనిషి. మోకాళ్ళ పైకి కట్టిన చీర. రేగిన నెరిసిన జుట్టు. రెండు చేతులతో గుండెలకి హత్తుకున్న ప్లాస్టిక్ టిఫిన్ డబ్బా.

"బుల్లమ్మా!" అంది లీలారాణి.

జోగయ్య పెళ్ళాం!

"అమ్మా! లీలమ్మా! నువ్వా?" బుల్లమ్మ డబ్బాని ఇంకా గట్టిగా హత్తుకుంది. "మద్దేనం అన్నం అట్టుకెల్తే మా ఇంటాయన సెప్పినాడమ్మా... ఎలాగైనా ఈ డబ్బా తెచ్చి లీలమ్మ సేతికే ఇయ్యి, ఇంకెవలికీ ఇయ్యకు అన్నాడు. ఎవలో తుపాకీ పేల్సినారు... నన్ను సంపీసినారే అనుకున్నాను తల్లీ!"

"ఆ డబ్బా ఇటియ్యి," అన్నాడు గిరిబాబు.

బుల్లమ్మ అతన్ని చూసింది. లీలారాణిని చూసింది. డబ్బా లీలారాణి చేతిలో పెట్టింది.

"హెడ్డుగారూ, ఇలా ఇవ్వండి."

"ఒక్క నిమిషం సార్. సాక్షి ఎదట తెరవాలి, సదివి ఇనిపించాలి. మీకు తెలీనిదేటి? రేపు కోర్టులో అడుగుతారు."

నేల మీద కూలబడింది. నాటకం కాదు, నిజంగానే కాళ్ళు ఆగలేదు. డబ్బాకి నాలుగు క్లిప్పులు. మూడు బిగించి ఉన్నాయి, నాలుగోది ఊడి ఉంది. తెరిచింది. లోపల ఒక కీచైను, రెండు గోళీలు, ములుకు విరిగిన పెన్సిల్ ముక్క... నోటు పుస్తకం.

పేజీలు తిప్పింది. ఎవరెవరివో పేర్లు, తేదీలు. అన్నీ పెన్సిల్‌తో. చివరి పేజీ వచ్చింది.

చూసింది. చాలాసేపు చూసింది.

"ఏంటి? ఏం రాశాడు?" గిరిబాబు గొంతు మారింది.

లీలారాణి లైటు పేజీ మీదికి వంచింది. చదవడం మొదలెట్టింది.

"మూడు నలభై. పేరు గోపి, ఆమదాలవలస. డబ్బా దొరకడానికి చాలాసేపు పట్టింది. ముందు పొరపాటున కింద గుహలోకి వెళ్ళాను. అందులో బస్తాలున్నాయి. వాసన భరించలేకపోయాను. ఫొటో తీశాను..."

గాలి ఈల వేస్తోంది.

"...ఇక్కడ ఒకాయన కలిశారు. పోలీసాయన. పేరు గిరిబాబు అని చెప్పారు. నా ఫోన్ ఇమ్మని..."

"అబద్ధం!"

అరిచాడు గిరిబాబు. కొండ కూడా తిరిగి అరిచింది.

"అబద్ధం! నేనొచ్చేసరికి వాడు ఫోన్ పట్టుకుని అంచు మీద నిలబడున్నాడు! నా పేరు వాడికెలా తెలుస్తాది? నేను మాటే ఆడలేదు వాడితో! నేను వెనకనుంచి..."

ఆగాడు.

ఏం అన్నాడో అతనికే అప్పుడు వినపడింది.

"ఓలమ్మో..." బుల్లమ్మ నోటి మీద చెయ్యి వేసుకుంది.

గిరిబాబు నిట్టూర్చాడు. కోపం లేదు, తొందర లేదు. అతనూ అలిసిపోయినట్టే కనపడ్డాడు.

"ఎందుకొచ్చిన కష్టం లీలమ్మగారూ మీకిది?" అన్నాడు మెల్లిగా. "ఇంట్లో కూచుని మోకాళ్ళకి నూనె రాసుకోవాల్సిన వయసు. జోగయ్యగాడి పెళ్ళాం హెడ్ కానిస్టేబుల్ని తోసేసింది, ఎస్సై కాల్చాడు. రేపు పేపర్లో అలా వస్తాది. ముందు ఇది."

రివాల్వర్ బుల్లమ్మ వైపు తిరిగింది.

ట్రిగ్గర్ నొక్కాడు.

టక్!

గిరిబాబు నొసలు ముడిపడింది.

"పడుకో బుల్లమ్మా! నేల మీద పడుకో!" లీలారాణి లేచింది. ఎలా లేచిందో ఆమెకే తెలియదు. అతనికీ బుల్లమ్మకీ మధ్యకి వచ్చి నిలబడింది.

టక్!

రెండు గదులు అయ్యాయి. నాలుగున్నాయి. అందులో ఒకటి...

అడుగు ముందుకు వేసింది. మోకాలు కలుక్కుమంది.

టక్!

మూడు. ఇంకో అడుగు. గిరిబాబు ఒకడుగు వెనక్కి వేశాడు. యాభై మూడేళ్ళ ఆడమనిషి, కుంటుకుంటూ, ఒట్టి చేతులతో తుపాకీకి ఎదురొస్తోంది. అతనికి అర్థం కావడం లేదు.

"ఏం చేశావే దీన్ని!"

టక్!

నాలుగు! ఇంక రెండే!

లీలారాణి మీద పడింది. రెండు చేతులతో అతని మణికట్టు పట్టుకుంది. పైకి తోసింది. ఉన్న బలమంతా, లేని బలం కూడా...

ఢామ్!

నిప్పు ఆకాశంలోకి లేచింది. చెవులు గింగురుమన్నాయి. ఏమీ వినపడలేదు. కానీ కనపడింది... బుల్లమ్మ రెండు చేతులతో ఎత్తిన రాయి గిరిబాబు మోకాలి మీద పడడం కనపడింది. అతని నోరు తెరుచుకుంది. మనిషి కూలిపోయాడు.

లీలారాణి అతని వీపు మీద కూచుంది. బేడీలు తీసింది. నిన్న జోగయ్యకి వేసిన బేడీలే. ఒకటి కుడి చేతికి. రెండోది ఎడమ చేతికి.

ఆయాసం తగ్గాక జేబులోంచి నాలుగు గుళ్ళు తీసి అతని ముఖం ముందు బండ మీద పెట్టింది.

"ఆరో గది గురించి మూడేల్లుగా రాస్తన్నాను సార్. మీరూ సంతకం పెట్టి పైకి పంపినారు. సదవనేదు కావాల."

బుల్లమ్మ దగ్గరికి వచ్చింది. "అమ్మా... రేపు మా ఇంటాయన్ని ఒగ్గేత్తారా?"

"తెల్లారేలోగా పెద్ద సారుకి ఫోన్ సేస్తాను బుల్లమ్మా. నువ్విన్నదంతా సెప్పు, ఒక్క ముక్క కలపకు, ఒక్క ముక్క తియ్యకు. గుహలో బస్తాలున్నాయి. నామీద పేల్చిన తుపాకీ ఉన్నాది. నీ మొగుడు ఇంటికొస్తాడు."

బుల్లమ్మ ఏడుపు అందుకుంది. ఏడవనిచ్చింది.

కింద, బండకి చెంప ఆనించి, గిరిబాబు గొణుగుతున్నాడు. "నా పేరు... వాడికి నా పేరెలా తెలిసింది? ఎవరు చెప్పారు వాడికి?"

లీలారాణి నోటు పుస్తకం అందుకుంది. చివరి పేజీ తెరిచి అతని కళ్ళ ముందు పట్టింది. లైటు వేసింది.

అక్షరం లేదు.

పేజీ నిండా నీలం మరక. అంతే. మూడు రోజుల తుఫాను వాన ఊడిన క్లిప్పు సందులోంచి దూరి, రాసిందంతా కడిగేసింది.

"పెన్సిల్ ములుకు ఇరిగిపోయింది సార్. పాపం, సొంత పెన్నుతో రాసుకున్నాడు. ఎవరో వస్తన్న అడుగులిని డబ్బా సరిగ్గా బిగించనేదు." ఆమె గొంతులో గెలుపేమీ లేదు. "ఏటి రాసినాడో ఇంక ఎవరికీ తెలీదు."

"మరి... మరి నువ్వు..." గిరిబాబు తల ఎత్తాడు. "నేనేనని నీకెలా తెలుసు?"

లీలారాణి ములుకు విరిగిన పెన్సిల్‌ని డబ్బాలో పెట్టింది. గోళీలు పెట్టింది. నాలుగు క్లిప్పులూ బిగించింది. తర్వాత బుల్లమ్మ చెయ్యి పట్టుకుని, అబ్బా అంటూ లేచింది. ఇంకా ఈ కొండంతా దిగాలి.

"దిబ్బ దగ్గర కొమ్మేసినారు సార్," అంది. "ఫస్ట్ టైమ్ ఎక్కినోలు రాయి పెడతారు."